ఆర్నిస్, ఎస్క్రిమా, కాలీ: ఫిలిప్పీన్స్ కర్రసాములో పేర్ల చిక్కుముడి

ఫిలిప్పీన్స్ కర్రసాము గురించి తెలుసుకుందామని ఇంటర్నెట్‌లో వెతికితే మొదటి అరగంటలోనే తల తిరుగుతుంది. ఒక వీడియోలో ఆ విద్యను ఆర్నిస్ అంటారు, మరో వీడియోలో ఎస్క్రిమా అంటారు, ఇంకోదానిలో కాలీ అంటారు. అందరి చేతిలోనూ ఉన్నది అదే పేము కర్ర. కానీ ఒకాయన దాన్ని బస్తోన్ అంటాడు, ఒకాయన ఒలిసి అంటాడు, ఇంకొకాయన యాంతోక్ అంటాడు. ఒక గురువు అయిదో దెబ్బ అంటే అందరూ పొట్టలో పొడుస్తారు. ఇంకో గురువు దగ్గర అదే అంకెకు కర్ర వేరే చోటికి వెళుతుంది. వీటిలో ఏది సరైనదని అడిగితే కామెంట్లలో యుద్ధాలు జరుగుతాయి.

ఆ యుద్ధాలు చాలావరకు అనవసరం. ఈ విద్య మొత్తానికి ఒకే నిఘంటువు ఎన్నడూ లేదు. ఫిలిప్పీన్స్‌లో వందకు పైగా భాషలున్నాయి. ఒక్కో ద్వీపంలో, ఒక్కో ఊళ్లో, ఒక్కో కుటుంబంలో ఈ సాము విడివిడిగా పెరిగింది. అందుకని ఏ మాట ఎదురైనా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది ఏ భాష మాట? ఏ గురువు ఇంటి మాట? ఎప్పటి నుంచి వాడుకలో ఉంది? ఈ మూడింటికీ జవాబు దొరికితే ముడి దానంతట అదే వదులవుతుంది.

మూడు పేర్లు, ఒక చట్టం

ఆర్నిస్ నుంచి మొదలుపెడదాం. ఇది స్పానిష్ మాట 'ఆర్నెస్' నుంచి వచ్చింది. ఆర్నెస్ అంటే కవచం, యోధుడు ఒంటికి తగిలించుకునే సామగ్రి. 'ఆర్నెస్ దె మానో', అంటే చేతి కవచం, అనే పాత పదబంధం కురచబడి ఆర్నిస్ అయిందని సాధారణంగా చెబుతారు. తగాలోగ్ మహాకవి ఫ్రాన్సిస్కో బలాగ్తాస్ 1838 నాటి తన కావ్యంలో వేడుకలను వర్ణిస్తూ కుస్తీతో పాటు ఆర్నెస్ ఆటను కూడా ప్రస్తావించాడు. అంటే పంతొమ్మిదో శతాబ్దం మొదటి సగానికే మనీలా చుట్టుపక్కల జనానికి ఈ పేరు తెలుసు. ఉత్తరాన ఉన్న లుజోన్ ద్వీపంలో ఈ రోజుకీ ఎక్కువగా వినబడేది ఇదే.

ఎస్క్రిమా సంగతి ఇంకా సులువు. కత్తియుద్ధానికి స్పానిష్‌లో 'ఎస్గ్రిమా' అంటారు. అది సెబు, నెగ్రోస్ లాంటి విసాయా ద్వీపాల వాళ్ల నోట్లో ఎస్క్రిమా అయింది. ఇంగ్లీషులో దీన్ని రెండు రకాల స్పెల్లింగులతో రాస్తారు. స్పానిష్ పద్ధతిలో రాసేవాళ్లు 'సి' అక్షరం వాడతారు, ఫిలిప్పీన్స్ భాషల పద్ధతిలో రాసేవాళ్లు 'కె' వాడతారు. రెండు స్పెల్లింగులు రెండు విద్యలని అనుకునేవాళ్లు కూడా ఉన్నారు. ఆ తేడా రాతలోదే, సాములోది కాదు.

2009 డిసెంబర్ 11న అప్పటి అధ్యక్షురాలు గ్లోరియా మకపగాల్ అరోయో రిపబ్లిక్ యాక్ట్ 9850 మీద సంతకం చేశారు. ఆ చట్టం ఆర్నిస్‌ను ఫిలిప్పీన్స్ జాతీయ యుద్ధవిద్యగా, జాతీయ క్రీడగా ప్రకటించింది. ఈ చట్టం పాఠాన్ని చదవడం నాకు చాలా ఇష్టం, ఎందుకంటే ఈ పేర్ల గొడవ అంతా అందులోనే కనిపిస్తుంది. ఆర్నిస్‌నే ఎస్క్రిమా, కాలీ, గరోతె అని కూడా అంటారని అది ఒప్పుకుంటుంది. ఆ వెంటనే ప్రాంతీయ భాషల పేర్లు ఏకరువు పెడుతుంది: తగాలోగ్‌లో పననందాతా, ఇబనాగ్‌లో పగ్కలికలి, పంగసినాన్‌లో కలిరోంగన్, విసాయాలో కలిరద్మన్, ఇలోకానోలో దిద్యా. చట్టసభ ఒక పేరును ఎంచుకుంది కానీ మిగతావి తప్పని అనలేదు. అందుకే సర్కారు కాగితాల మీద, స్కూళ్లలో, పోటీల్లో ఆర్నిస్ అనే వినిపిస్తుంది. సెబులో ఒక పాత మాస్టరు ఇంటి పెరట్లో మాత్రం ఎస్క్రిమాయే.

కాలీ మీద ఇంత గొడవ ఎందుకు

మూడో పేరు దగ్గరే అసలు వేడి. ముందు మన తెలుగువాళ్లకు వచ్చే సందేహం తీర్చుకుందాం. ఈ కాలీకి కాళికాదేవితో సంబంధం ఉందని అక్కడక్కడా రాస్తుంటారు. అది ఉచ్చారణ పోలిక తప్ప మరేం కాదు. దానికి ఆధారాలేమీ లేవు.

గొడవ మాత్రం వేరే చోట ఉంది. స్పెయిన్ వాళ్లు రాకముందు ఉన్న ఆదిమ విద్య పేరే కాలీ అనీ, అదే తల్లి అనీ, ఆర్నిస్, ఎస్క్రిమా దాని నుంచి పుట్టిన చిన్న భాగాలనీ ఒక కథనం ప్రచారంలో ఉంది. అమెరికాలో, యూరప్‌లో చాలా స్కూళ్లలో ఇది పాఠంలా చెబుతారు. వినడానికి చాలా బాగుంటుంది. పరాయి పాలకుల భాషలో ఉన్న పేరు కంటే మన సొంత పేరు అని చెప్పుకునేది ఎవరికైనా ఇష్టంగానే ఉంటుంది కదా. ఆ కోరికను నేను తక్కువ చేసి మాట్లాడను.

కానీ కాగితాలు చూస్తే కథ వేరుగా ఉంది. సెబు నగరంలో 1920లో మొదలైన సంఘం పేరు లబంగోన్ ఫెన్సింగ్ క్లబ్. దాని తర్వాత 1932లో సావెద్రా, కన్యేతె కుటుంబాల వాళ్లు కలిసి పెట్టింది దోసె పారెస్. 1952లో దాని నుంచి విడిపోయి వెనాన్సియో బేకన్ పెట్టింది బలింతవాక్, ఆ పేరు వాళ్లు సాధన చేసిన వీధిది. ఈ మూడు పేర్లలో ఎక్కడా కాలీ లేదు. ఈ పేరు విస్తృతంగా అచ్చులో కనిపించడం 1957లో ప్లాసిదో యంబావ్ ఆర్నిస్ మీద రాసిన పుస్తకం దగ్గర నుంచి. దాన్ని ప్రపంచమంతా మోసుకెళ్లినవాళ్లు మాత్రం అమెరికాలోని ఫిలిపినోలు. హవాయిలో ఫ్లోరో విల్యాబ్రిల్యే, ఆయన శిష్యుడు బెన్ లార్గుసా, వాళ్ల తర్వాత కాలిఫోర్నియాలో డాన్ ఇనోసాంతో. బ్రూస్ లీకి సహచరుడిగా ఇనోసాంతోకు ఉన్న పేరు వల్ల, 1970ల తర్వాత కాలీ అనే మాట ప్రతి దేశానికీ చేరింది.

మరి ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది? ఒక వివరణ ప్రకారం ఇది 'కాలిస్' అనే కత్తి పేరులోంచి వచ్చింది. 1521లో మెగెల్లన్ నౌకలతో వచ్చిన ఇటాలియన్ ఆంటోనియో పిగఫెట్టా సెబులో జనం మాటలను రాసుకున్న చిన్న పట్టికలో కాలిస్, కంపిలాన్ అనే ఆయుధాల పేర్లు ఉన్నాయి. ఇంకో వివరణ ప్రకారం సెబువానోలో చెయ్యి అనే అర్థం ఉన్న 'కమోత్', కదలిక అనే అర్థం ఉన్న 'లిహోక్' మొదటి అక్షరాలు కలిసి కాలీ అయింది. ఇది తరవాత కుదిర్చిన వివరణలాగే నాకు అనిపిస్తుంది, ఎందుకంటే పాత ఊరి మాటలు అలా పొడి అక్షరాలతో పుట్టడం అరుదు. పగ్కలికలి, కలిరోంగన్ లాంటి ప్రాంతీయ పేర్లలో ఉన్న 'కలి' అనే ముక్కను చూపించేవాళ్లు కూడా ఉన్నారు. కాలిస్ వాదన వీటన్నిటికంటే బలంగా ఉంది. అయినా కత్తి పేరు ఉండటం వేరు, ఆ పేరుతో ఒక విద్య మొత్తం చలామణిలో ఉండటం వేరు.

ఇక్కడ రెండు విషయాలను విడదీసి చూడాలి. విద్య పాతదా అనే ప్రశ్నకు జవాబు నిస్సందేహంగా అవును. 1521 ఏప్రిల్ 27న మక్తాన్ తీరంలో అక్కడి నాయకుడు లపులపు మనుషులు మెగెల్లన్‌ను చంపిన తీరును పిగఫెట్టా వివరంగా రాశాడు: వెదురు బల్లెం ముఖానికి తగిలింది, పెద్ద కత్తి వేటు ఎడమ కాలికి పడింది. వాళ్లకు ఆయుధం పట్టడం ఎవరూ నేర్పాల్సిన అవసరం లేదు. ఆ విద్యను వాళ్లు ఏమని పిలిచేవాళ్లో మాత్రం పిగఫెట్టా రాయలేదు. పేరు కొత్తదైనంత మాత్రాన విద్య కొత్తదైపోదు, విద్య పాతదైనంత మాత్రాన పేరుకు ఆ పాతదనం అంటదు. కామెంట్ల యుద్ధాల్లో సగం ఈ రెండింటినీ కలిపేయడం వల్లే వస్తాయి.

ఈ రోజు ఒకరు కాలీ అంటే, దాదాపు ఎప్పుడూ అది అమెరికా ద్వారా వచ్చిన శాఖ అని గానీ, కత్తికి ప్రాధాన్యం ఇచ్చే శాఖ అని గానీ అర్థం. పెకితి తిర్సియా కాలీ, కాలీ ఇలుస్త్రిసిమో లాంటివి ఈ రెండో కోవలోకి వస్తాయి. ఈ మేరకు అర్థం చేసుకుంటే ఆ పేరుతో ఏ ఇబ్బందీ లేదు.

ఇంత స్పానిష్ ఎందుకు?

1565 నుంచి 1898 వరకు మూడు వందల ఏళ్లకు పైగా స్పెయిన్ పాలన. అంకెలు, గడియారం, వారాల పేర్లు, వంటింటి సామాన్లు, చర్చి, కోర్టు, అన్నిటిలోకీ స్పానిష్ దిగిపోయింది. సాములోకి దిగకుండా ఎలా ఉంటుంది? సెబులో ఒక ముసలాయన దెబ్బలు లెక్కపెడితే ఉనో, దోస్, ట్రెస్ అనే లెక్కపెడతాడు. అంకెలు స్పానిష్‌వి కాబట్టి దెబ్బలు కూడా స్పెయిన్ నుంచి వచ్చాయని వాదించడం సరికాదు. మనం క్రికెట్ మాటలు ఇంగ్లీషులో చెప్పుకుంటాం, అది నిజంగానే అక్కడి నుంచి వచ్చింది. కానీ డాక్టరు, హాస్పిటల్ అనే మాటలు వచ్చాయని వైద్యమే అప్పుడు మొదలైందని అనం కదా. మాట ప్రయాణం ఒకటి, పని ప్రయాణం ఇంకొకటి.

అలాగని స్పెయిన్ ప్రభావమే లేదనడం కూడా నిజం కాదు. 'ఎస్పాడా ఇ దాగా' అనే పద్ధతిని తీసుకోండి. ఒక చేతిలో పొడుగు కత్తి, రెండో చేతిలో బాకు. ఈ జోడీ పదహారు, పదిహేడు శతాబ్దాల యూరప్ కత్తియుద్ధంలో బాగా ప్రసిద్ధం. లుజోన్‌లోని పంపంగా ప్రాంతం వాళ్లు, ముఖ్యంగా మకబెబె ఊరివాళ్లు, స్పెయిన్ సైన్యంలో తరతరాలుగా పనిచేశారు. రెండు కర్రల సాముకు 'ఎస్తిలో మకబెబె' అనే పేరు ఉంది, మకబెబె శైలి అని అర్థం. ఒకే దండులో భుజం కలిపి పోరాడినవాళ్లు ఒకరి నుంచి ఒకరు ఏమీ నేర్చుకోలేదని ఎలా అనగలం? ఇచ్చిపుచ్చుకోవడం జరిగే ఉంటుంది. ఎంత అనేది మాటలను బట్టి కొలవలేం, అంతే.

దోసె పారెస్ అనే పేరు కూడా ఈ కలయికకు మంచి ఉదాహరణ. దాని అర్థం పన్నెండు మంది సమవీరులు, ఫ్రాన్స్ చక్రవర్తి షార్లమేన్ కొలువులోని పన్నెండుగురు యోధులు. స్పానిష్ కాలంలో ఫిలిప్పీన్స్ పల్లెల్లో పాటలుగా, నాటకాలుగా ఈ కథలు విపరీతంగా ఆడేవి. మన పల్లెల్లో వీధి నాటకాల ద్వారా పాండవుల కథ అందరికీ చేరినట్టే అక్కడ ఈ కథలు చేరాయి. అందుకే సెబులో కర్ర పట్టిన మనుషులు తమ సంఘానికి ఒక ఫ్రెంచి వీరగాథ పేరు పెట్టుకుంటే ఎవరికీ వింతగా అనిపించలేదు.

చేతిలో ఉన్నదాని పేరు

బస్తోన్ స్పానిష్, ఒలిసి సెబువానో, యాంతోక్ తగాలోగ్. మూడూ కర్రే. యాంతోక్ అనేది నిజానికి పేము తీగ పేరు, దాన్నే ఆయుధానికి కూడా వాడతారు. గరోతె మళ్లీ స్పానిష్. మామూలు కర్ర పొడవు 28 అంగుళాలు, అంటే దాదాపు 71 సెంటీమీటర్లు. శాఖను బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది. పేము ఎందుకంటే అది తేలిక, విరిగినప్పుడు పెళపెళమని ముక్కలై ఎగరదు, పీచు పీచుగా చీలుతుంది. ఎదుటివాడి కంట్లో పుల్ల గుచ్చుకునే ప్రమాదం తక్కువ. తాటిజాతి చెట్టు చేవతో చేసిన కర్రను బాహి అంటారు. నల్లని గట్టి చెక్కతో చేసినది కమాగోంగ్. ఈ కమాగోంగ్ చెట్టు మన తునికి చెట్టుకు దగ్గర బంధువు, రెండూ ఒకే ప్రజాతికి చెందినవి. మన్యంలో బీడీ ఆకు కోసే చెట్టు జాతిదే అక్కడ ఆయుధం. కమాగోంగ్ కర్రతో ఇద్దరు ఎదురెదురుగా సాధన చేయడం ప్రమాదకరం, ఎముక విరుగుతుంది. క్లాసులో ఎవరైనా మీకు అది ఇస్తే ఒంటరి సాధనకే వాడండి.

కత్తుల పేర్లలో ఇంకో రకం గందరగోళం ఉంది. బోలో అనేది పొలంలో, అడవిలో వాడే కత్తులన్నిటికీ కలిపి చెప్పే మాట. ఇతాక్ తగాలోగ్‌లో దాదాపు అదే. సుందాంగ్ విసాయా మాట. సెబు వాళ్ల సన్నని కత్తి పినుతి, తెలుపు అనే అర్థం ఉన్న 'పుతి' నుంచి ఆ పేరు వచ్చింది. కంపిలాన్, బారోంగ్, అలల అంచు ఉన్న క్రిస్, ఇవి ఇప్పుడు ప్రధానంగా దక్షిణాన మిందనావో, సులు ముస్లిం తెగలతో ముడిపడినవి. విదేశాల్లో చాలా స్కూళ్లు గోడకు కంపిలాన్ వేలాడదీస్తాయి, కానీ వాళ్లు నేర్పేది విసాయా రైతుల, జాలర్ల సాము. ఆ రెండు చరిత్రలు వేర్వేరు. దక్షిణాది ముస్లిం సమాజాలకు తమవైన పోరాట విద్యలు ఉన్నాయి, వాటిని సిలాత్, కుంతావ్ అంటారు. వాటన్నిటినీ కాలీ అనే ఒక్క గొడుగు కిందికి లాగడం వాళ్లకు అన్యాయమే.

వేళ్ల మధ్య టకటకా తిరిగే బాలిసోంగ్ బతంగాస్ ప్రాంతానిది, తాల్ పట్టణంలోని ఒక పేట పేరు కూడా అదే. పులిగోరు ఆకారంలో వంగి ఉండే కరంబిత్ మాత్రం సుమత్రా ద్వీపానిది. ఈ మధ్య ఫిలిపినో స్కూళ్లు కూడా నేర్పుతున్నాయి కాబట్టి అది ఫిలిప్పీన్స్ ఆయుధమని చాలామంది అనుకుంటారు.

కదలికల పేర్లు

నాకు ఈ విద్యలో అన్నిటికంటే నచ్చేవి కదలికల పేర్లు. అవి ఇంటి చుట్టూ ఉన్న వస్తువుల నుంచే వచ్చాయి. రెండు కర్రలు ఒకదాన్ని ఒకటి దాటుకుంటూ అల్లికలా సాగే సాధనను సినవాలి అంటారు. సవాలి అంటే వెదురు బద్దలతో అల్లే తడిక, అక్కడి పల్లె ఇళ్ల గోడ. తడిక అల్లేటప్పుడు బద్ద మీదకీ కిందకీ పోయినట్టే కర్రలు పోతాయి. మణికట్టు తిప్పి అటూ ఇటూ విసిరే దెబ్బ అబానికో, స్పానిష్‌లో విసనకర్ర అని అర్థం. తల మీదుగా వాలుగా కర్ర పెట్టి దెబ్బను జారవిడవడం పాయోంగ్, గొడుగు. ఎదుటి చేతిని రెండు వైపుల నుంచి కత్తిరించినట్టు కొట్టడం గుంతింగ్, కత్తెర. రెడోండా అంటే గుండ్రంగా తిప్పడం. కర్రను తాకించి టక్కున వెనక్కి లాగే దెబ్బ వితిక్. కర్ర పట్టుకున్న పిడికిలి కింద మిగిలే చివరను పున్యో అంటారు, పిడికిలికి స్పానిష్ మాట. దగ్గరికి వచ్చాక ఆ పున్యోతో కొట్టే దెబ్బ చాలా గట్టిగా తగులుతుంది.

దూరాలకు పేర్లు స్పానిష్‌లోనే ఉంటాయి: లార్గో దూరం, మెదియో మధ్య, కోర్తో దగ్గర. ఇంతవరకు సులువు. చిక్కు ఎక్కడంటే, ఒకే మాట ఒక చోట దూరానికి, ఇంకో చోట నిలుచునే భంగిమకు, మరో చోట ఏకంగా ఒక శాఖకే పేరు అవుతుంది. 'సెర్రాదా' అంటే మూసినది. చాలా శాఖల్లో అది ఒక కాపు భంగిమ: కుడిచేతి కర్ర ఎడమ భుజం వైపు ఉంటుంది. దానికి ఎదురైనది 'అబియెర్తా', తెరిచినది, కర్ర తన వైపే ఉంటుంది. కానీ కాలిఫోర్నియాలోని స్టాక్టన్‌లో 1966లో బహిరంగంగా అకాడమీ తెరిచిన ఏంజెల్ కబాలెస్ తన శాఖ మొత్తాన్నీ సెర్రాదా ఎస్క్రిమా అన్నాడు. కురచ కర్రతో దగ్గరగా చేసే పోరు అది. ఒకాయన 'నాకు సెర్రాదా తెలుసు' అంటే భంగిమ తెలుసనా, శాఖ తెలుసనా? అడిగి తెలుసుకోవాల్సిందే.

ఒంటరిగా, అప్పటికప్పుడు తోచినట్టు గాలిలో చేసే సాధనకూ ఇలాగే రకరకాల పేర్లు. ఒకరు కరెన్సా అంటారు, ఒకరు సాయావ్ అంటారు. సాయావ్ అంటే నృత్యం. పోటీల్లో ముందే కట్టిన వరసకు అన్యో అని పేరు. కర్ర తిప్పుడును అమారా అని కూడా అంటారు. మొదటి రెండింటిలో స్వేచ్ఛ ఎక్కువ, అన్యోలో వరస మారదు. మాటల వెనక ఉన్న ఈ తేడా ముఖ్యం.

అంకెలు: సులువూ అదే, చిక్కూ అదే

ఇన్ని భాషల మధ్య గురువులు కనిపెట్టిన దారి అంకెలు. దెబ్బ పేరు చెప్పకుండా కోణానికి ఒక అంకె ఇచ్చేస్తారు. రెమీ ప్రెసాస్ నేర్పిన మాడర్న్ ఆర్నిస్‌లో పన్నెండు ఉన్నాయి. మొదటి రెండు కణతలకు, మూడు, నాలుగు మోచేతుల దగ్గరకు, అయిదు పొట్టలో పోటు, ఆరు, ఏడు ఛాతీకి రెండు వైపులా పోట్లు, ఎనిమిది, తొమ్మిది మోకాళ్లకు, పది, పదకొండు కళ్లకు పోట్లు, పన్నెండు నడినెత్తి మీద వేటు. వేటు, పోటు అనే రెండు తెలుగు మాటలు ఇక్కడ ఎంత బాగా సరిపోతాయో చూడండి. కోసేది వేరు, పొడిచేది వేరు. ఇక్కడ అయిదో అంకె పోటు అనేది గుర్తుంటే మిగతావి సులువుగా పట్టుబడతాయి.

వేరే శాఖలోకి వెళితే ఈ అంకెలు చెల్లవు. కొన్ని శాఖలు 'సింకో తెరోస్' అని అయిదు దెబ్బలతోనే మొదలుపెడతాయి. పన్నెండు ఉన్న శాఖల్లో కూడా వరస ఒకటి కాదు. మొదటి దెబ్బ కుడిచేతితో వాలుగా ఎదుటివాడి ఎడమ వైపు పైన తగలడం మాత్రం చాలాచోట్ల కనిపిస్తుంది, ఎందుకంటే కుడిచేతివాటం మనిషి సహజంగా ముందు వేసే వేటు అదే. అందుకే శాఖలు మారినప్పుడు పాత అంకెలను మోసుకెళ్లకుండా, కోణాన్ని గుర్తుపెట్టుకోవడం మేలు.

కర్రా, కత్తా?

మాటల వెనక దాగిన అసలు భేదం ఇదేనని నా అభిప్రాయం. కొందరికి కర్ర అంటే కత్తికి బదులు, ప్రమాదం లేకుండా సాధన చేయడానికి. ఇంకొందరికి కర్ర కర్రే, దానికి దాని సొంత లెక్క ఉంది. బలింతవాక్ వాళ్లు దగ్గరగా నిలబడి ఎదుటివాడి కర్రను ఎడమ చేత్తో నొక్కుతారు, పట్టుకుంటారు, లాగుతారు. కర్ర కాబట్టి అది కుదురుతుంది. కత్తి అనుకుని ఆడేవాళ్లు అలా చేస్తే వేళ్లు పోతాయి, కాబట్టి వాళ్లు మణికట్టును పట్టుకుంటారు లేదా చేతిని కోసి పక్కకు జరుగుతారు. లాక్కోవడానికి తగాలోగ్‌లో 'అగావ్' అంటారు. ఆ ఒక్క మాట ఈ రెండు రకాల వాళ్లకూ ఉంది, లోపలి పని మాత్రం పూర్తిగా వేరు. ఎడమ చేతిని చాలామంది 'బంతాయ్ కమాయ్', కాపలా చెయ్యి, అంటారు. అది దేన్ని కాపలా కాస్తోంది అనేదానికి కూడా జవాబు ఆయుధాన్ని బట్టి మారుతుంది. కొత్త క్లాసులో చేరినప్పుడు అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే: ఇక్కడ కర్ర కర్రేనా, లేక కత్తా?

ఖాళీ చేతుల పోరుకు కూడా ఇలాంటి పేర్ల గుంపు ఉంది. మానో మానో, సెబువానోలో పంగమోత్, కుస్తీకి విసాయాలో దూమోగ్, తగాలోగ్‌లో బూనో, తన్నులకు లుజోన్‌లోని బారస్ పట్టణం నుంచి వచ్చిన సికారన్. పనంతుకాన్ అనే పేరును విదేశాల్లో ఒక ప్రత్యేక విద్యగా ప్రచారం చేస్తారు. మనీలాలో మామూలు మనిషితో మాట్లాడితే అతని నోటి నుంచి వచ్చేది సుంతుకాన్, అంటే ముష్టిఘాతాల గొడవ. అది విద్య పేరు కూడా అవ్వచ్చు, వీధి కొట్లాట కూడా అవ్వచ్చు.

గురువును ఏమని పిలవాలి

తెలుగువాడికి ఇక్కడ ఒక ఆత్మీయమైన మాట ఎదురవుతుంది: గురో. సంస్కృత 'గురు' శబ్దం మలయ్ భాష మీదుగా తగాలోగ్‌లోకి వెళ్లి గురో అయింది. ఆ దారి చాలా పాతది. మనీలాకు దగ్గరలోని లగూనా ప్రాంతంలో 1989లో దొరికిన రాగిరేకు మీద తేదీ శక సంవత్సరం 822, వైశాఖ మాసం, బహుళ చవితి, సోమవారం అని ఉంది. అది క్రీస్తు శకం 900. మన శాసనాల మీద కనిపించే అదే శక లెక్క అది. అయితే ఈ రోజు ఫిలిప్పీన్స్‌లో గురో అంటే ప్రధానంగా స్కూలు టీచరు. సాములో ఆ బిరుదు వాడకం ఎక్కువగా ఇటీవలి కాలానిదే.

మాడర్న్ ఆర్నిస్‌లో బ్లాక్ బెల్ట్ వచ్చిన మగవాళ్లను లకాన్, ఆడవాళ్లను దయాంగ్ అంటారు, రెండూ పాతకాలపు కులీనుల బిరుదులు. పెకితి తిర్సియాలో పెద్దవాళ్లను తుహోన్ అంటారు. గ్రాండ్‌మాస్టర్ అనేది జపాన్, కొరియా విద్యల పక్కన నిలబడాల్సి వచ్చిన కాలపు అవసరం.

పాత తరం వాళ్లు ఒకరినొకరు ఇలా పిలుచుకోలేదు. ఆంటోనియో ఇలుస్త్రిసిమోను శిష్యులు తాతాంగ్ అనేవాళ్లు, పెద్దాయన, నాన్న లాంటివాడు అని అర్థం. 1920, 30లలో కూలీలుగా కాలిఫోర్నియా వెళ్లిన తరాన్ని మనోంగ్‌లు అంటారు. మనోంగ్ అంటే ఇలోకానోలో అన్నయ్య. స్టాక్టన్ చుట్టూ పొలాల్లో వంగి పంట కోసిన ఆ మనుషుల్లో చాలామందికి కర్రసాము వచ్చు. ఇలోకానో, విసాయా, తగాలోగ్ మాట్లాడేవాళ్లు ఒకే శిబిరంలో ఉండేవాళ్లు కాబట్టి వాళ్ల సాము మాటలు కూడా అక్కడ కలిసిపోయాయి. విదేశీ స్కూళ్లలో ఒకే వాక్యంలో మూడు భాషలు వినబడటానికి ఒక పెద్ద కారణం ఈ కూలీ శిబిరాలే. వాళ్లకు బిరుదులు లేవు, సర్టిఫికెట్లు లేవు. డాన్ ఇనోసాంతో లాంటివాళ్లు నేర్చుకున్నది ఇలాంటి అన్నయ్యల దగ్గరే.

2009 చట్టం తర్వాత ఇంకో మార్పు మొదలైంది. జాతీయ స్కూలు క్రీడోత్సవం పలారోంగ్ పంబాన్సాలో మొదటి పోటీగా ఆర్నిస్‌నే ఆడాలని ఆ చట్టంలో రాశారు. పోటీలో పుగాయ్ అంటే వందనం, హందా అంటే సిద్ధం, లబాన్ అంటే పోరు. అన్నీ తగాలోగ్ మాటలే. దేశమంతా పిల్లలు ఒకే ఆజ్ఞలతో ఆడాలంటే ఒక భాష కావాలి, అందులో తప్పు లేదు. కానీ సెబు పిల్లవాడు స్కూల్లో ఒలిసి అనే మాట వినకుండానే ఆర్నిస్ ఆటగాడు కాగలడు. ఊళ్లలో మిగిలిన ముసలి ఎస్క్రిమాదోర్ల, అంటే ఎస్క్రిమా సాధకుల, దగ్గరకు వెళ్లి, ఒక్కో దెబ్బను వాళ్ల ఊళ్లో ఏమంటారో రికార్డు చేసే పని ఇప్పుడే జరగాలి. ఏ పేరు పాతది అని వాదించుకునేవాళ్ల ఓపికలో సగం ఈ పనికి మళ్లినా ఎన్నో మాటలు దక్కుతాయి.